పైనుంచి పడే మందు

అక్కలారా! మన నూజివీడు తోటలు పూతకొచ్చాయంటే తేనెమంచు పురుగు కూడా వస్తుంది. మందు కొట్టక తప్పదు. ట్రాక్టరు మీద ట్యాంకు పెట్టి గొట్టంతో కొట్టడం మనకు తెలుసు. ఇప్పుడు డ్రోన్లు కూడా వచ్చాయి.

"పైనుంచి కొడితే మంచిదే కదా టీచరమ్మా! వీపు మీద పంపు మొయ్యక్కర్లేదు" అంది మా క్లాసుకొచ్చే పిన్ని.

నిజమే. కాని ఒక లెక్క చూడండి. చేలో చేతి పంపుతో అయితే ఎకరానికి సుమారు 200 లీటర్ల నీళ్ళు కలుపుతాం. డ్రోనుతో పది లీటర్లే. నీళ్ళు తగ్గితే మందు చిక్కనవుతుంది. చుక్కలు మంచులా సన్నగా ఉంటాయి. గాలి వీస్తే పక్కకు పోతాయి.

కేరళలో కాసరగోడు జిల్లా ఉంది. అక్కడ గుట్టల మీద జీడిమామిడి తోటలు, కింద ఇళ్ళు, బావులు. ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషన్ 1970ల చివరి నుంచి 2000 దాకా ఆ తోటల మీద హెలికాప్టరుతో ఎండోసల్ఫాన్ కొట్టించింది. బాగా కిందికి ఎగిరితే తీగలు, చెట్లు తగులుతాయి. నడిపేవాడి ప్రాణానికే ముప్పు. పైకి ఎగిరితే మందు ఊరి మీద పడుతుంది. ముందుగా బావులు మూయించాలి. అది సరిగ్గా జరగలేదు. వానకు మందు వాగుల్లోకి దిగింది. ఆ ఊళ్ళలో అవకరాలతో, బుద్ధి ఎదగకుండా ఎందరో పిల్లలు పుట్టారు. ఆ తల్లుల కష్టం చెప్పతరం కాదు.

లీలాకుమారి అమ్మ అని వ్యవసాయ శాఖ ఉద్యోగిని. ఆమె కోర్టుకెక్కింది. 2000లో హెలికాప్టరు ఆగింది. 2011లో సుప్రీంకోర్టు దేశమంతా ఎండోసల్ఫాన్ ఆపించింది. 2017లో బాధితులకు అయిదేసి లక్షలు ఇమ్మంది.

డ్రోను హెలికాప్టరంత పెద్దది కాదు. మందు మాత్రం మందే. ఏ రోజు కొడతారో ముందే అడగండి. గాలి ఉంటే వద్దనండి. బావి, నీళ్ళ తొట్టి మూయండి. ఆరేసిన బట్టలు, పశువుల మేత లోపల పెట్టండి. కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లలు ఆ దగ్గరికి పోకూడదు. మందు కంట్లో పడితే పావుగంట సేపు మంచినీళ్ళతో కడగండి. తల తిరిగినా, వాంతి అయినా 108కి ఫోను చేయండి. డబ్బా మీది మందు పేరు డాక్టరుకు చెప్పండి.

డబ్బా మీద రంగు గుర్తు కూడా ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే ఎక్కువ విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం లేదని కాదు సుమా!

మొన్న పిన్ని మందుల కొట్లోనే డబ్బా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "పసుపు గుర్తు" అని బాబాయికి తనే చెప్పింది. మర్నాడు మనవణ్ణి తోటవైపు పోనివ్వలేదు.