పాసేజీలో లేని జవాబు

'నిన్న బూరుకుడి గట్టున ఒక ముసలి తెంబకం రెండుసార్లు జిగిలింది.'

ఈ వాక్యానికి అర్థం లేదు, ఇక్కడికిక్కడే అల్లింది. అయినా ప్రశ్నలు వేస్తే జవాబులు వచ్చేస్తాయి. ఎక్కడ జిగిలింది? బూరుకుడి గట్టున. ఎన్నిసార్లు? రెండుసార్లు. జిగిలినది ఏది? ముసలి తెంబకం. మూడుకు మూడు మార్కులు! తెంబకం పక్షో పడవో మాత్రం ఎవరికీ తెలియదు.

టెన్త్ ఇంగ్లీషు పేపర్లో పాసేజీ కనిపించగానే మన పిల్లల్లో చాలామంది చేసేది ఇదే. ప్రశ్నలో 'వేర్' ఉంటే ఊరి పేరు వెతుకుతారు, 'వెన్' ఉంటే సంవత్సరం వెతుకుతారు, ఆ వాక్యం ఉన్నదున్నట్టు దించేస్తారు. ట్యూషన్లలో దీన్నే కిటుకుగా నేర్పిస్తారు. కొన్ని మార్కులు నిజంగానే పడతాయి కాబట్టి ఎవరూ వదలరు. 'వై' అని అడిగిన చోట మాత్రం చతికిలపడతారు.

ఎందుకో చూడడానికి కోనసీమ నుంచే ఒక పాసేజీ తీసుకుందాం. ఆత్రేయపురం మండలం వాడపల్లి అంటే ఏడు శనివారాల మొక్కు, వెంకన్న గుడి చుట్టూ ప్రదక్షిణలు గుర్తొస్తాయి. 1931 మార్చి 30న అక్కడ స్వామివారి రథోత్సవం జరుగుతోంది. రథం మీద గాంధీజీ పటం పెట్టారు. పోలీసులు అభ్యంతరం చెప్పారు, జనం తగ్గలేదు. పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. ఇంత సంగతినీ ఇంగ్లీషులో ఐదు వాక్యాలుగా రాసి, కింద ఒకే ప్రశ్న ఇద్దాం: దేవుడి రథం మీద ఒక పటం ఉంటే పోలీసులకు వచ్చిన ఇబ్బందేమిటి?

జవాబు ఆ ఐదు వాక్యాల్లో ఎక్కడా ఉండదు. అంతకు ముందటి ఏడాదే ఉప్పు సత్యాగ్రహం జరిగింది. గాంధీ–ఇర్విన్ ఒడంబడిక మార్చి 5న కుదిరింది. మార్చి 23న, అంటే వాడపల్లి రథోత్సవానికి సరిగ్గా వారం ముందు, భగత్‌సింగ్‌ను ఉరి తీశారు. ఆ నెలలో గాంధీ పటాన్ని ఊరేగించడమంటే సర్కారు ముఖం మీదే ధిక్కారం ప్రకటించడం. ఈ నేపథ్యం తెలిసిన పిల్లవాడికి ఇంగ్లీషు కాస్త తక్కువైనా జవాబు తడుతుంది. తెలియని పిల్లవాడు, గ్రామర్ అంతా కంఠతా వచ్చినా, 'బికాజ్ దే వర్ యాంగ్రీ' అని రాసి పెన్ను పక్కన పెడతాడు.

ఈ మాటకు ప్రయోగాల బలం కూడా ఉంది. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట గురించిన కథనం ఇచ్చారు. వారిలో బాగా చదివేవాళ్లూ ఉన్నారు, చదవడంలో వెనకబడ్డవాళ్లూ ఉన్నారు. ప్రతి జట్టులోనూ ఆ ఆట తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు ఉన్నారు. ఆట తెలిసిన 'వెనకబడ్డ' పిల్లలు, ఆట తెలియని 'మంచి' చదువరుల కన్నా బాగా అర్థం చేసుకున్నారు. మనకైతే క్రికెట్ అనుకోండి. వాడపల్లి కుర్రాడికి ఇంగ్లీషులో క్రికెట్ వార్త ఇచ్చి చూడండి, 'కాంప్రహెన్షన్ రాదు' అని వాడి మీద వేసిన ముద్ర ఎంత పొరపాటో తెలుస్తుంది.

అలాగని భాష అక్కర్లేదని కాదు. 1986లో గాఫ్, టన్మర్ ఒక సూత్రం చెప్పారు. అక్షరాలను మాటలుగా చదవగలగడం ఒకటి, ఆ మాటలు చెవిన పడితే అర్థం కావడం రెండోది. చదివి గ్రహించడం ఈ రెండింటి మొత్తం కాదు, వాటి లబ్ధం. హెచ్చవేతలో ఒకటి సున్నా అయితే ఫలితం సున్నాయే. గడగడా పైకి చదివి, 'ఏం చదివావురా' అంటే బిక్కమొహం వేసే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్లకు మొదటిది ఉంది, రెండోది లేదు.

ఆ రెండోదాంట్లో పెద్ద వాటా పదసంపదది. పరాయి భాషలో ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని హూ, నేషన్ 2000లో చేసిన అధ్యయనం సూచించింది. అంటే 200 మాటల పాసేజీలో తెలియని మాటలు నాలుగుకు మించకూడదు. పది, పన్నెండు ఉంటే సందర్భాన్ని బట్టి ఊహించడం కూడా కష్టమే, ఎందుకంటే ఆ సందర్భమే సరిగ్గా అర్థం కాదు.

మరి సాధన ఎలా చేయాలి? గైడులోని పాసేజీని మళ్లీ మళ్లీ చదవడం మన అలవాటు. 2006లో రోడిగర్, కార్పికే కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. ఒక జట్టు పాఠాన్ని రెండుసార్లు చదివింది. ఇంకో జట్టు ఒకసారి చదివి, కాగితం తీసేసి, గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత లెక్క తిరగబడింది: వాళ్లకు 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. ఇది జ్ఞాపకం గురించిన ప్రయోగమే, నిజం. కానీ పోయిన నెల చదివిన విషయం గుర్తుంటేనే ఈ నెల పాసేజీ అర్థమవుతుందని పైన చూశాం కదా.

విదేశాలకు వెళ్లే నర్సులు, విద్యార్థులు చాలామంది రాసే ఐఈఎల్‌టీఎస్‌లో చిక్కు ఇంకో రకం. అకడమిక్ రీడింగులో మూడు పాసేజీలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. మొత్తం 2,150 నుంచి 2,750 మాటలు. ఇంగ్లీషులో కథలు కాని రచనలను పెద్దలు మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి 238 మాటలని బ్రిస్‌బార్ట్ 2019లో లెక్కగట్టారు. ఆ వేగంలో సగమే ఉన్నా అంతా ఒకసారి చదవడానికి పాతిక నిమిషాలు సరిపోతాయి. కాబట్టి 'స్పీడ్ రీడింగ్' కోర్సులకు డబ్బు తగలేయనక్కర్లేదని నా అభిప్రాయం. టైమంతా పోయేది వెనక్కి వెళ్లి వెతుక్కోవడంలో. పైగా అక్కడ 'ట్రూ', 'ఫాల్స్'తో పాటు 'నాట్ గివెన్' అనే మూడో జవాబు ఉంటుంది. ప్రశ్నలోని మాటలు పాసేజీలో కనిపిస్తాయి, ప్రశ్న అడిగిన విషయం మాత్రం ఉండదు. తెంబకం కిటుకు అక్కడ నిలువునా ముంచుతుంది.

ప్రభుత్వ బడి పిల్లలకు ఒక వసతి చేతిలోనే ఉంది: ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు. వాక్యం వాక్యానికీ పక్క పేజీలోకి తొంగిచూడొద్దు. సైన్సు పాఠమో సాంఘికశాస్త్రమో ముందు తెలుగులో పూర్తిగా చదివి, తర్వాత తెలుగు పేజీని కాగితంతో మూసి ఇంగ్లీషు చదవాలి. విషయం ముందే తెలుసు కాబట్టి కొత్త మాటలు అర్థంతో సహా వంటబడతాయి.

ఇంగ్లీషు టీచర్లకు ఒక విన్నపం. రోజుకో కొత్త అంశం మీద పాసేజీ ఇచ్చే బదులు, రెండు వారాల పాటు ఒకే అంశం మీద ఇవ్వండి. గోదావరి వరదలు కావచ్చు, కొబ్బరి తెగుళ్లు కావచ్చు, స్వాతంత్ర్య పోరాటం కావచ్చు. ప్రతి జవాబు పక్కనా అది ఏ లైనులో దొరికిందో నంబరు వేయమనండి. ఏ లైనులోనూ దొరక్క తాను ఆలోచించి రాసిన జవాబైతే, ఎలా తెలిసిందో ఒక్క వాక్యం రాయమనండి, తెలుగులో రాసినా సరే. మార్కులు మాత్రం ఆ వాక్యానికే ఎక్కువ వేయండి.