నెలలు నిండిన గర్భిణి - కషాయములు

నెలలు నిండిన గర్భిణికి ఇంటి పెద్దలు కషాయము కాచి ఇచ్చుట మన దేశమున చిరకాలమునుండి వచ్చుచున్న ఆచారము. తెలుగునాట జీలకర్ర, వాము, శొంఠి మొదలగు వంటింటి దినుసులను నీటిలో మరిగించి, బెల్లము చేర్చి త్రాగింతురు. అట్లు చేసినచో నొప్పులు సకాలమున వచ్చి కానుపు సులభమగునని నమ్మకము. ఈ ఆచారమున ఎంత మేలు కలదో, ఎచ్చట జాగ్రత్త వహింపవలెనో ప్రతి కుటుంబమును తెలిసికొనవలెను.

ప్రసవము మొదలగు విధము

కడపటి బహిష్టు మొదటి దినమునుండి లెక్కించినచో గర్భధారణ కాలము సుమారు 280 దినములు, అనగా 40 వారములు. 37 వారములు నిండిన పిమ్మట నొప్పులు ఎప్పుడైనను రావచ్చును. ఆ దినములలో గర్భాశయ ముఖము మెత్తబడి, పలుచనై, క్రమముగా విచ్చుకొనును. ఆక్సిటోసిన్, ప్రోస్టాగ్లాండిన్ అను పదార్థములు దేహముననే పుట్టి గర్భాశయ కండరములను ముడుచుకొనునట్లు చేయును. తొమ్మిదవ నెలలో ఏ పానీయము త్రాగినను, త్రాగకున్నను, పెక్కుమందికి కొద్ది దినములలో నొప్పులు వచ్చుట సహజము. ఆ ఖ్యాతి మాత్రము అంతకుముందు త్రాగిన కషాయమునకు దక్కుచుండును.

కషాయముతో నొప్పులను పరీక్షించుట

నొప్పులు నిజమైనవో, దొంగ నొప్పులో తేల్చుటకు కొన్ని ఇండ్లలో జీలకర్ర కషాయము ఇత్తురు. తగ్గినచో దొంగ నొప్పులనియు, హెచ్చినచో నిజమైన నొప్పులనియు నిర్ణయింతురు. దొంగ నొప్పులు కొంత విశ్రాంతితోను, మంచినీరు త్రాగుటతోను కూడ తగ్గును. నిజమైన నొప్పులు ఏమి త్రాగినను ఆగక, నొప్పికి నొప్పికి మధ్య ఎడము తగ్గుచు, బలము హెచ్చుచు వచ్చును. కావున తేడా నొప్పులలోనే యున్నది. ఈ పరీక్షకై గంటల తరబడి ఇంట వేచియుండుట ప్రమాదకరము. ఆసుపత్రి దూరముగా నున్న గ్రామములలో ఈ జాగు తల్లీబిడ్డల ప్రాణములకే ముప్పు కాగలదు.

ఇతర దేశముల అనుభవము

పాశ్చాత్య దేశములలో ఇదే ఉద్దేశముతో రాస్‌బెర్రీ ఆకుల టీ త్రాగుదురు. 2001లో ప్రకటింపబడిన ఆస్ట్రేలియా పరీక్షలో 192 మంది గర్భిణులు పాల్గొనిరి. కొందరికి 32వ వారమునుండి ఆ ఆకు మాత్రలు ఈయబడినవి. ప్రసవపు మొదటి దశ తగ్గలేదు. రెండవ దశ మాత్రము సగటున సుమారు 10 నిమిషములు తగ్గినట్లు కనబడినది. కీడు కనబడలేదు గాని, ఇంత చిన్న పరీక్షనుబట్టి మేలు కలదని నిశ్చయించుట సాధ్యము కాదు.

త్రాగదగినవి, కూడనివి

జీలకర్ర, ధనియాలు, శొంఠి వంటలో వాడు మోతాదున వేసి కాచిన పలుచని కషాయము దినమునకు ఒకటి రెండు కప్పులు త్రాగుట సామాన్యముగా హాని చేయదు. అది దాహము తీర్చు పానీయమే గాని ప్రసవమునకు మందు కాదు. గర్భముతో మధుమేహము వచ్చినవారు అందు బెల్లము, పంచదార కలుపుకొనరాదు.

నొప్పులు రప్పించుటకు ఆముదము త్రాగించుట కూడదు. అందలి ఆమ్లము ప్రేగులనే గాక గర్భాశయమును కూడ కదలించును. విరేచనములై దేహమున నీరు తగ్గును. పూర్వము శస్త్రచికిత్సతో కాన్పైనవారికి ఇది మరింత అపాయము. అతిమధురము హెచ్చుగా వాడినచో రక్తపు పోటు పెరుగును. పేరు తెలియని వేళ్ళు, ఆకులు, పొడులు ఎవరిచ్చినను పుచ్చుకొనరాదు.

ఇనుము మాత్రలు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో 52.2 శాతము రక్తహీనతతో ఉన్నట్లు తేలినది. అట్టివారికి కాన్పు సమయమున రక్తస్రావమైనచో తట్టుకొనుట కష్టము. నాలుగవ నెలనుండి ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్ర దినమున కొకటి చొప్పున 180 దినములు వాడవలెను. టీ, కాఫీలు ఇనుమును రక్తమున చేరనీయవు. కావున వానికిని, కషాయమునకును, మాత్రకును నడుమ కనీసము ఒక గంట ఎడముండవలెను.

తక్షణము ఆసుపత్రికి పోవలసిన లక్షణములు

రక్తస్రావము, ఉమ్మనీరు పోవుట, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము, చేతులు వాచుట, మూర్ఛ, జ్వరము, బిడ్డ కదలిక తగ్గుట, 37 వారములు నిండకముందే నొప్పులు వచ్చుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను కషాయము కాచుచు కాలము గడపరాదు.

ముందు చేసికొనవలసిన ఏర్పాట్లు

2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, అవసరమైనచో శస్త్రచికిత్స, మందులు, భోజనము, ఇంటినుండి ప్రయాణము ఉచితము. ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుచున్నవి. ఏ ఆసుపత్రికి పోవలెనో, తోడు ఎవరు వత్తురో, ఇంట మిగిలిన పిల్లలను ఎవరు చూతురో ఎనిమిదవ నెలలోనే నిశ్చయించుకొనవలెను. 108, 102 నంబర్లు ఇంటిలో అందరికిని తెలిసియుండవలెను. త్రాగుచున్న కషాయమేదో ఆశా కార్యకర్తకు గాని నర్సుకు గాని దాచక చెప్పవలెను. నిజమైన నొప్పులు మొదలైనచో అత్తగారు గాని తల్లి గాని చేయవలసిన మొదటి పని బండికి కబురు చేయుట.