చలికి వాడిన తులసి మళ్ళీ చిగురించాలంటే

మార్గశిర, పుష్య మాసాలలో దగ్గు, పడిశాలతో నా వద్దకు వచ్చే గృహిణులలో కొందరు తమ బాధ చెప్పుకోవడం ముగిశాక కొంచెం సంకోచంతో మరొక మాట అడుగుతారు. "డాక్టరుగారూ, మా తులసి నల్లబడిపోయింది. ఇంటికేమైనా కీడంటారా?" ఇంటిల్లిపాదికీ తులసి అవసరం అధికంగా ఉండే కాలమే ఆ మొక్కకు గడ్డుకాలం కావడం విచిత్రం.

తులసి ఉష్ణప్రదేశపు మొక్క. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు చేరువైతే దాని లేత ఆకులు తాళలేవు. ఆదిలాబాద్ ప్రాంతంలోనూ, విశాఖ మన్యంలోని లంబసింగిలోనూ శీతకాలపు రాత్రులు అంతకన్నా దిగువకు పోవడం పరిపాటి. నగరాలలో మేడమీద ఈదురుగాలి తగిలే కుండీలకూ ఈ బాధ తప్పదు. చలికి ఆకు కణాల పొరలు దెబ్బతిని లోపలి నీరు బయటికి ఊరుతుంది. ఆకు మెత్తబడి, నల్లమచ్చలు వేసి రాలిపోతుంది. చల్లబడిన మట్టిలో వేళ్ళు నీటిని సరిగా పీల్చలేవు. కారణం ఇదే. ఇందులో అరిష్టమూ లేదు, ఎవరి దోషమూ లేదు.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణమున్నది. కొన్నేళ్ళ క్రితం నా చికిత్సలో ఉన్న ఒక వృద్ధురాలు ఇంట తులసి మోడువారడం చూసి, తన ఆయువు తీరినదని నిశ్చయించుకొని మందు మానివేశారు. రోజూ నీళ్ళు పోసే కోడలు అపరాధినివలె ఒక మూల నిలబడింది. నేను కుండీని మంచం వద్దకు తెప్పించి, కాండాన్ని గోటితో సున్నితంగా గీచి చూపాను. బెరడు కింద పచ్చదనం, తడి కనబడ్డాయి. "అమ్మా, తులసమ్మ బతికే ఉన్నది. మీరు మందు వేసుకోండి" అన్నాను. ఆమె వేసుకున్నారు. రథసప్తమి నాటికి కింది కణుపుల వద్ద చిగుళ్ళు తొంగిచూశాయి.

మొక్కను రోగిగా భావించడం మన శాస్త్రానికి కొత్త కాదు. సురపాలుని వృక్షాయుర్వేదం వాత, పిత్త, కఫాలను వృక్షాలకు సైతం అన్వయించి చికిత్స చెప్పింది. ఈ గ్రంథాన్ని సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ఆంగ్లానువాదంతో ప్రచురించింది.

జ్వరపీడితునికి అగ్ని మందగించి ఉంటుంది. బలం రావాలని అప్పుడే నెయ్యి, పిండివంటలు పెడితే వ్యాధి ముదురుతుంది. మొదట లంఘనం, పిమ్మట జావ, ఆపైన పథ్యపుటన్నం. గురుకులంలో మాకు నేర్పిన క్రమమిది. చలిదెబ్బ తిన్న తులసికీ ఈ క్రమమే వర్తిస్తుంది. చలిని తట్టుకున్న మొక్క, ఆదుర్దాతో చేసిన అతిచికిత్సకు చనిపోవడం తరచు చూస్తున్నాను.

చేయవలసిన ఉపచారం:

1. పరీక్ష: కొమ్మ చివర నుండి మొదలు వైపుకు అక్కడక్కడ గోటితో గీచి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్లే. గోధుమరంగులో ఎండి ఉంటే ఆ భాగం పోయినట్లు. మొదలు పచ్చగా ఉంటే చాలు.

2. చోటు: కుండీని గాలి నేరుగా తగలని, ఉదయపు లేత ఎండ వచ్చే చోటికి మార్చండి. చల్లని గచ్చు మీద కాక చెక్కపీట మీద ఉంచండి. పొయ్యి వేడి పనికిరాదు.

3. కప్పు: కదపలేని తులసికోటకు సూర్యాస్తమయానికి ముందే పాత నూలుబట్టను పుల్లల ఆధారంతో, ఆకులకు తగలకుండా కప్పి, ఉదయం తీసివేయండి.

4. నీరు: పైమట్టి అంగుళం లోతు ఆరిన తరువాతనే, ప్రొద్దెక్కాక కొద్దిగా పోయండి. నిత్యపూజలో చెంబెడు పోసే అలవాటున్నవారు ఈ దినాలలో ఉద్ధరిణెడు సమర్పించినా భక్తికి లోటు రాదు. కుండీ కింది పళ్ళెంలో నీరు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి.

5. ఎరువు: కొత్త చిగుళ్ళు కనబడేదాకా ఏమీ వేయరాదు. తరువాత బాగా చివికిన పశువుల ఎరువు గుప్పెడు చాలు. పచ్చి పేడ వేళ్ళను మాడుస్తుంది.

6. కత్తిరింపు: కుళ్ళిన ఆకులను, ఎండిన వెన్నులను తీసివేయండి. కొమ్మలను మాత్రం చలి తగ్గి, చిగురు ఎక్కడ వస్తున్నదో తెలిశాక కత్తిరించండి.

నల్లబడిన ఆకులను కషాయానికి వాడరాదు. కోలుకుంటున్న మొక్క నుండి ఆకులు కోయడం ఒక నెల మానండి. అందాక మామూలు పడిశానికి శొంఠి, మిరియాల కషాయం సరిపోతుంది. అయితే దగ్గు రెండు వారాలు దాటితే ఇంటివైద్యంతో సరిపెట్టక పరీక్ష చేయించుకోవడం అవసరం.

మాఘమాసం ముగిసేవరకు మొక్కను పెరికివేయకండి. తీసిన వెన్నులలోని గింజలను పొట్లం కట్టి దాచి, ఫాల్గుణంలో మట్టిపై పలుచగా చల్లండి. పాత మొక్క కోలుకోకపోయినా దాని సంతానం మీ ముంగిట ఉంటుంది.