ప్లాస్టిక్‌కి కరెంటు నేర్పారు!

కరెంటు వైరు చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఎందుకుంటుంది? షాక్ కొట్టకుండా! ప్లాస్టిక్‌లో కరెంటు పారదని చిన్నప్పుడే బళ్లో చెబుతారు. ఆ పాఠాన్ని తిరగరాసిన ముగ్గురిలో అమెరికా భౌతిక శాస్త్రవేత్త అలన్ హీగర్ ఒకరు. అక్కడితో ఆగలేదాయన. అలాంటి ప్లాస్టిక్‌నే పలచటి పొరగా పరిచి, ఎండ నుంచి కరెంటు తీసే పనిలో ఏళ్ల తరబడి గడిపారు.

కథ మొదలైంది మాత్రం జపాన్‌లో. 1967లో హిదెకి షిరకావా టోక్యో ప్రయోగశాలలో పాలీఎసిటిలీన్ అనే పాలిమర్‌ని తయారుచేస్తుండగా కొలత తప్పింది. ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. రావాల్సిన నల్లటి పొడికి బదులు వెండిలా మెరిసే పొర వచ్చింది. 1975లో జపాన్ వెళ్లిన రసాయన శాస్త్రవేత్త అలన్ మెక్‌డయర్మిడ్ ఈ సంగతి విని, షిరకావాను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి రప్పించారు. హీగర్ పనిచేస్తున్నదీ అక్కడే. 1976లో ముగ్గురూ కలిసి ఆ పొరకు అయొడిన్ ఆవిరి పట్టించారు. దాని విద్యుత్ వాహకత ఏకంగా కోటి రెట్లు పెరిగింది!

సీటు ఖాళీ అయితే...

సీట్లన్నీ నిండిన సినిమాహాల్లో ఎవరూ పక్కకు జరగలేరు. వరుసలో ఒక్కరు లేచి వెళ్తే పక్కాయన ఆ సీట్లోకి, ఆయన సీట్లోకి ఇంకొకరు... అలా జరుగుతూ పోవచ్చు. అయొడిన్ చేసిందీ అదే. కొన్ని ఎలక్ట్రాన్లను లాగేసుకుని ఖాళీలు సృష్టించింది. దాంతో మిగతావి కదిలాయి. అన్ని ప్లాస్టిక్‌లకూ ఈ కిటుకు పనిచేయదు. కార్బన్ గొలుసులో ఏకబంధం, ద్విబంధం ఒకదాని తర్వాత ఒకటి ఉండాలి. ఇంట్లో వాడే బకెట్లూ సంచుల ప్లాస్టిక్‌లో అలా ఉండవు. ఈ పరిశోధనకే 2000లో ముగ్గురికీ రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఎండను పట్టే పొర

1982లో హీగర్ కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాకు మారారు. ఇలాంటి పాలిమర్‌పై వెలుతురు పడితే ఎలక్ట్రాన్ ఉత్తేజం పొందుతుంది. కానీ వెంటనే మళ్లీ తన చోటికే చేరుకుంటుంది. ఆలోపే దాన్ని ఎవరైనా ఎగరేసుకుపోవాలి. ఆ పనికి ఫుట్‌బాల్ ఆకారంలో ఉండే ఫుల్లరిన్ అణువు సరిగ్గా సరిపోతుందని 1992లో ఆయన బృందం చూపింది. 1995లో రెండిటినీ కలగలిపి సోలార్ సెల్ చేశారు. ఇందులో వెలుతురును పట్టే పొర వెంట్రుక కన్నా వందల రెట్లు పలచన. ద్రావణంలో కరిగించి, సిరాలా అచ్చు వేసేయొచ్చు. చాపలా చుట్టేయొచ్చు కూడా.

ఇదే ఆశతో హీగర్, మరికొందరు 2001లో కొనార్కా అనే కంపెనీ పెట్టారు. పాలిమర్ సోలార్ పొరలు బజారుకొచ్చాయి. కానీ ఎండకు, గాలిలోని ఆక్సిజన్‌కు, తేమకు ఈ పొర త్వరగా పాడవుతుంది. అప్పట్లో ఇచ్చే కరెంటూ తక్కువే. ఈలోగా సిలికాన్ ఫలకల ధరలు బాగా పడిపోయాయి. 2012లో కంపెనీ దివాలా తీసింది.

పరిశోధన మాత్రం ఆగలేదు. ఫుల్లరిన్ స్థానంలో కొత్త అణువులొచ్చాయి. ప్రయోగశాలలో చేసిన చిన్న సెల్స్‌లో సామర్థ్యం 19 శాతం దాటింది. ఇక తేలాల్సింది మన్నిక. సిలికాన్ ఫలక మేడ మీద పాతికేళ్లు పనిచేస్తుంది. బరువు మోయలేని రేకుల కప్పుకి, కిటికీ అద్దానికి, గుడారానికి ఈ తేలికపాటి పొర అతుక్కోగలదు. అయితే అతుక్కుంటే చాలదు... ఏళ్ల తరబడి ఎండనూ వాననూ తట్టుకుని నిలవాలి!