ప్రశ్నను చదువుట

పరీక్షలో విద్యార్థి చెడుట జవాబు తెలియకపోవుటవలన నని సాధారణముగా తలంతుము. కొన్ని ప్రశ్నలయెడ సంగతి వేఱు. అచట జవాబు తెలియక గాదు, ప్రశ్న యేమియో తెలియక విద్యార్థి చెడును. జ్ఞాన మనగా నేమి, ఒక సంగతి మనకు తెలియునని యే యాధారమున చెప్పుచున్నాము, నమ్మకమునకును ఎఱుకకును భేద మెచట నున్నది, యను వ్యాసప్రశ్న లట్టివి.

ఇట్టి ప్రశ్నలు పండితగోష్ఠులకు మాత్రమే పరిమితములని యెవ్వరైన ననుకొన్నచో పొరబాటు. 1968లో జెనీవా నగరమున స్థాపితమైన ఇంటర్నేషనల్ బాకలారియెట్ సంస్థ తన డిప్లమా పరీక్షకు కూర్చుండు ప్రతి బాలునికిని, ప్రతి బాలికకును జ్ఞానసిద్ధాంత మను పాఠ్యమును విధిగా నేర్పెట్టినది. ఒక్కొక్క పరీక్షాకాలమునకు ఆరు ప్రశ్నలను ముందుగనే ప్రకటింతురు. అందొకదాని నెన్నుకొని 1,600 మాటలకు మించని వ్యాసము వ్రాయవలెను. డిప్లమా మొత్తము 45 అంకములలో ఈ పాఠ్యమును, విస్తృతవ్యాసమును కలిసి తెచ్చిపెట్టునది మూడే. కాని యిందు అట్టడుగు శ్రేణి వచ్చినచో డిప్లమాయే చేతికి రాదు. హైదరాబాదునందును ఈ విధానము ననుసరించు పాఠశాలలు కలవు. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలల కొఱకు ఆ సంస్థతో ఒడంబడిక చేసికొనెను. ఆ యేడే ఎన్నికలలో ప్రభుత్వము మారెను. ఆ పథకపు మంచిచెడ్డలు వేఱొక వ్యాసమునకు తగినవి. మన మిచట విచారింపవలసినది, మన పిల్లవాడు ఇట్టి ప్రశ్న నెదుర్కొన్నప్పు డేమి చేయును అనునది.

ఏమి చేయును? కంఠస్థము చేసినదానిని వెదకికొనును. ప్రశ్నలో 'జ్ఞానము' అను మాట కనబడగనే జ్ఞానమును గూర్చి తన కెఱుకపడిన దంతయు కుమ్మరించును. లేదా యెవరో వ్రాసిన వ్యాసమును కొనును. ఇప్పుడు యంత్రముచేతనే వ్రాయించుటయు సులభమైనది. ఇందు బాలుని నిందించుట న్యాయము కాదు. పదియేండ్లు వానికి మనము జవాబులనే నేర్పితిమి; ప్రశ్నను చదువుట యొకనాడును నేర్పలేదు.

ఉదాహరణమునకు నే నొక ప్రశ్నను కల్పించుచున్నాను: "జ్ఞానాభివృద్ధికి నమ్మకముకంటె సందేహ మెంతవఱకు ఎక్కువ తోడ్పడును? ప్రకృతిశాస్త్రములను, చరిత్రను ఆధారముగా గొని చర్చింపుము." పదునొకండు మాటలు. ఇందు తొందరపాటుగల విద్యార్థి చూచునది 'సందేహము' అను నొక్క మాటనే. సందేహము గొప్పదని నాలుగు పుటలు వ్రాసి ముగించును. 'ఎంతవఱకు' అని యడిగినప్పుడు ఔననుట గాని కాదనుట గాని సగము జవాబే. ఎచట నిలుచును, ఎచట నిలువదు, ఆ మేర యేది యని చూపవలెను. 'కంటె' అను ప్రత్యయము రెండింటిని తూచు మనుచున్నది. అంతకంటె ముఖ్యమైనది, ప్రశ్న పైకి చెప్పక లోన దాచుకొన్న యూహ: నమ్మకమును, సందేహమును ఒకదానికొకటి విరోధులని ప్రశ్న యనుకొనుచున్నది. ఆ యూహను విద్యార్థి యంగీకరింప నక్కఱలేదు.

'జ్ఞానము' అను మాటయును అంత తేలిక కాదు. ఆంగ్లమున ఒక్క మాట మోయు బరువును తెలుగు పంచి యిచ్చినది. దారి తెలియు నందుము. ఈత వచ్చు నందుము. ఫలానివా నెఱుగుదు మందుము. ఈత తెలియునని యెవ్వరును అనరు. అనిన పక్షమున వాడు గట్టున నిలిచి యుపన్యసించువా డని యర్థము. ప్రశ్న అడుగుచున్నది తెలియుటను గూర్చియా, వచ్చుటను గూర్చియా, ఎఱుగుటను గూర్చియా యని తన భాషలో ఒకసారి తనకు తాను చెప్పుకొన్న బాలునికి సగము చిక్కు విడిపోవును. ఆంగ్లమున వ్రాయవలసిన వ్యాసమునకైనను తెలుగున నాలోచించుట నష్టము కాదు.

ఇక దృష్టాంతములు. ఇచటనే వ్యాసము బ్రదుకుటయో చచ్చుటయో తేలును. యురేనసు గ్రహము గణితము చెప్పిన త్రోవను నడువక కొంత తొలగుచుండెను. ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు లెవెర్యే న్యూటను నియమమును శంకింపలేదు. దానిని నమ్మియే, కంటబడని మఱియొక గ్రహ మేదో దానిని లాగుచున్నదని లెక్కగట్టి, అది యుండవలసిన తావును చెప్పెను. 1846 సెప్టెంబరు 23వ తేదీ రాత్రి బెర్లినులో గాలె దూరదర్శినిని అటు త్రిప్పగా, చెప్పిన తావునకు ఒక్క డిగ్రీలోపలనే నెప్ట్యూను కనబడెను. నమ్మకము గెలిచినది. పదుమూడేండ్లకు, 1859లో, ఆ లెవెర్యేయే బుధగ్రహపు కక్ష్యలో లెక్క కందని చిన్న జరుగుబాటును చూపెను. నేటి లెక్కకు నూఱేండ్లకు సుమారు 43 వికలలు. ఇదియు కనబడని గ్రహము పనియే యనుకొని, దానికి 'వల్కన్' అను పేరు గూడ పెట్టిరి. వెదకిరి, వెదకిరి, దొరకలేదు. 1915లో ఐన్‌స్టయిను తన సాధారణ సాపేక్షసిద్ధాంతముతో ఆ తేడాను తీర్చెను. తప్పు ఆకాశమున లేదు, నియమముననే యున్నది. మనుష్యు డొక్కడే, పద్ధతి యొక్కటే. ఒకచోట నమ్మకము ఫలించినది, ఒకచోట దారి తప్పించినది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచిన విద్యార్థికి 'ఎంతవఱకు' అను మాట యర్థ మేమో మఱి యొకరు చెప్ప నక్కఱలేదు. ఒక్క నెప్ట్యూనుతో నాగిపోయినవాడు సగము సత్యమునే చెప్పినవాడగును.

చరిత్రకు దృష్టాంతమును దూరదేశములనుండి తేనక్కఱలేదు. 1837లో జేమ్సు ప్రిన్సెపు బ్రాహ్మీలిపిని చదివినప్పుడు, శాసనములందలి పియదసి యను రాజెవరో తెలియలేదు. సింహళరాజై యుండునని ఆయన మొదట తలంచెను. సింహళమున పాలీగ్రంథములను శోధించుచుండిన టర్నరు, పియదసి యన అశోకుడే యని యా గ్రంథముల యాధారమున చెప్పెను. శతాబ్దములు గడచిన పిదప భిక్షువులు వ్రాసిన కథలను నమ్మవచ్చునా యని శంకించుట న్యాయమే. అయినను చరిత్రకారులు నమ్మిరి. డెబ్బదియెనిమిదేండ్లు గడచిన పిమ్మట, 1915లో, నాటి నిజాము రాజ్యమునందలి మస్కి గ్రామమున దొరకిన శాసనమున అశోకుని పేరు స్పష్టముగా కనబడెను. ఆ మస్కి యిప్పుడు కర్ణాటకమున రాయచూరు జిల్లాలో నున్నది. అనగా బుధునివిషయమున నమ్మక మోడిన సంవత్సరముననే అశోకునివిషయమున నమ్మకము నెగ్గెను. ఇది కేవలము కాకతాళీయము. దీనిపై సిద్ధాంతము కట్టరాదు. కాని ప్రకృతిశాస్త్రమున నమ్మునది నియమమును, చరిత్రలో నమ్మునది సాక్షిని. రెండు నమ్మకములును ఒకజాతివి కావు. ప్రశ్న రెండు విద్య లడుగుట యిందుకొఱకే.

మన తర్కశాస్త్రము చదివినవారికి ఇందు చాలభాగము పరిచితమే. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగు. ఆంధ్రుడని ప్రసిద్ధి కెక్కిన అన్నంభట్టు తర్కసంగ్రహమున వీనినే వివరించెను. లెవెర్యేది యనుమానము, గాలెది ప్రత్యక్షము, సింహళగ్రంథములది శబ్దము. మస్కి శాసనమును శబ్దమే గదా యని చురుకైన విద్యార్థి యడుగును, అడుగవలెను గూడ. గౌతముని పదునాఱు పదార్థములలో సంశయము మూడవది. మీమాంసకుల యధికరణమున విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి యని యైదంగములు. జవాబునకు పూర్వము సంశయమును స్పష్టపఱచుకొనవలె నని వా రెఱుగుదురు. ఇంతమాత్రమున ఇంటర్నేషనల్ బాకలారియెట్ మన పూర్వులే కనిపెట్టి రని చాటుట వ్యర్థము. పూర్వపక్షమును ప్రత్యర్థియే మెచ్చునంత బలముగా వ్రాయుట వారి మర్యాద. నేటి విద్యార్థి ప్రతిపక్షమును ఒక్క వాక్యమున నిలిపి మఱుసటి వాక్యమున పడగొట్టును. కొంద ఱిటు నటు గాక, ప్రతిదానికిని 'అయితే కావచ్చు, కాకపోవచ్చు' నని రెండు పక్షములను ఖండించి తమది యేదియు నిలుపరు. అది వితండ.

పరీక్షకులు ఈ వ్యాసమున చూచునది, ప్రశ్నను స్పష్టముగా, పొందికగా, విమర్శదృష్టితో శోధించినాడా లేదా యనునదే. కావున ఉపాధ్యాయులు మొదటి నెల వ్యాసమే వ్రాయింపక, ప్రశ్నలోని యొక్కొక్క మాటను తీసి దానికి బదులు వేఱుమాటను పెట్టించి, ఏమి మారినదో బాలురచేత చెప్పింపవలెను. 'సందేహము' తీసి 'అజ్ఞానము' పెట్టిన యేమగును? 'అభివృద్ధి' తీసి 'రక్షణ' పెట్టిన నమ్మకము పక్షమున మొగ్గదా? గ్రంథములను తరతరములు కాపాడినవారు సందేహముచే కాపాడిరా, నమ్మకముచే కాపాడిరా? ఈ యభ్యాసమునకు పుస్తక మక్కఱలేదు, రుసుము అక్కఱలేదు. నల్లబల్లయు సుద్దముక్కయు చాలును. ఇది పల్లెలోని పాఠశాలయందును రేపే యారంభింప వచ్చును.