ఒక్క మాట కోసం పన్నెండు రోజులు

పాటల్లేవు, ఫైటింగుల్లేవు. ఇద్దరు మగవాళ్ళు ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు. ఇలాంటి సినిమా ఎవరు చూస్తారండీ అంటారా? ‘ఫ్రాస్ట్/నిక్సన్’ అనే ఇంగ్లీషు సినిమా ఒకసారి చూడండి. పొయ్యి మీద పాలు పెట్టి మాత్రం కూర్చోకండి, పొంగిపోవడం ఖాయం!

పీటర్ మోర్గాన్ రాసిన నాటకం ఆధారంగా 2008లో రాన్ హోవర్డ్ తీసిన సినిమా ఇది. 1977లో అమెరికాలో నిజంగా జరిగిన టీవీ ఇంటర్వ్యూయే దీని కథ.

ముందు కాస్త వెనకటి సంగతి తెలుసుకుందాం. 1972లో వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో ఉన్న ప్రతిపక్ష పార్టీ ఆఫీసులోకి కొందరు దొంగతనంగా జొరబడి పట్టుబడ్డారు. వాళ్ళ వెనక ప్రెసిడెంటు రిచర్డ్ నిక్సన్ మనుషులున్నారని మెల్లమెల్లగా బయటపడింది. దాన్ని కప్పిపుచ్చడంలో ఆయన చెయ్యీ ఉందని, ఆయన గదిలో రికార్డయిన టేపులే చెప్పాయి. 1974 ఆగస్టు 9న నిక్సన్ గద్దె దిగాడు. నెల తిరిగేసరికి, తరవాత వచ్చిన ప్రెసిడెంటు ఫోర్డ్ ఆయనకి క్షమాభిక్ష పెట్టేశాడు. ఇక కోర్టూ లేదు, శిక్షా లేదు. ఆయన నోటి నుంచి మనసారా ఒక క్షమాపణైనా వినలేదే అన్న బాధ జనానికి మిగిలిపోయింది.

అప్పుడు ముందుకొచ్చాడు డేవిడ్ ఫ్రాస్ట్. బ్రిటన్‌వాడు, టీవీలో సరదా కార్యక్రమాలు చేసే మనిషి. నిక్సన్‌కి 6 లక్షల డాలర్లు, పైగా లాభాల్లో 20 శాతం వాటా ఇస్తానన్నాడు. అమెరికాలోని పెద్ద టీవీ సంస్థలేవీ కలిసి రాకపోతే సొంత డబ్బు పెట్టాడు. చాలకపోతే వాళ్ళనీ వీళ్ళనీ అడిగాడు. ఇది పోతే పేరూ పోతుంది, డబ్బూ పోతుంది.

కాలిఫోర్నియాలో 12 రోజుల పాటు, 28 గంటలకు పైగా రికార్డు చేశారు. సినిమాలో మొదటి రోజులన్నీ నిక్సన్‌వే. ఒక ప్రశ్న అడిగితే పాత కథలన్నీ చెప్పి పొద్దుపుచ్చుతాడు. చివరికి ఫ్రాస్ట్‌ని నిలబెట్టింది అతని బృందంలోని వాళ్ళు పాత కాగితాలు తవ్వి తీసిన ఆధారమే. పాలవాడితో లెక్క తేల్చుకోవాలన్నా క్యాలెండర్ మీద గీసిన గీతలు చూపించాలి కదా!

అసలు ఘట్టం చివర్లో ఉంది. ‘పొరపాట్లు జరిగాయి’ అంటే సరిపోదు, అధికారాన్ని దుర్వినియోగం చేశానని చెప్పండి, జనాన్ని క్షమాపణ అడగండి, ఇప్పుడు చెప్పకపోతే ఇది జన్మంతా మిమ్మల్ని వెంటాడుతుంది అంటాడు ఫ్రాస్ట్. మిత్రుల్నీ, దేశాన్నీ నిరాశపరిచానని నిక్సన్ అన్నప్పుడు ఫ్రాంక్ లాంజెల్లా ముఖం చూడాలి! ఫ్రాస్ట్‌గా మైకేల్ షీన్ కూడా ఏమీ తీసిపోలేదు.

అయితే ఒక్క మాట. సినిమాలో చూసిందంతా చరిత్ర అనుకోకండి. అర్ధరాత్రి నిక్సన్ ఫోన్ చేసే సీను ఉందే, అది రచయిత కల్పించింది. నిజం ఇంటర్వ్యూలో నిక్సన్ తప్పులు ఒప్పుకున్నాడు గానీ, నేరం చేశానని మాత్రం ఒప్పుకోలేదు. అయినా 1977 మే 4న వాటర్‌గేట్ భాగం ప్రసారమైనప్పుడు దాదాపు 4.5 కోట్ల మంది టీవీల ముందు కూర్చున్నారు. శిక్ష వేస్తారని కాదు, ఆ మనిషి నోటితో ఆ మాట వినాలని.

మన ఇళ్ళల్లో మాత్రం తేడా తెలియదా? ‘ఏదో అలా జరిగిపోయింది’ అనడం వేరు, ‘నేనే చేశాను’ అనడం వేరు. పిల్లలు గ్లాసు పగలగొట్టినా ఈ రెండో మాట కోసమే కదా మనం ఎదురుచూసేది!

రెండు గంటల సినిమా. మాటలు అక్కడక్కడా మోటుగా ఉంటాయి గనక చిన్నపిల్లలకి వద్దు. కాలేజీ పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ తరవాత టీవీలో ఏ నాయకుడి ఇంటర్వ్యూ వచ్చినా, అడిగినదానికి జవాబు చెప్పాడా, మాట దాటేశాడా అని వాళ్ళనే అడగండి. ఎంత చురుగ్గా పట్టేస్తారో మీరే చూస్తారు.