గ్యారేజీలో తూటాల బల్ల

టెక్సస్‌లోని ఏ షూటింగ్ రేంజ్‌లోనైనా సరే, కాల్పులు ఆపమని కేక వినపడగానే జనం రెండుగా చీలిపోతారు. కొందరు తుపాకులు సర్దుకుని కార్లెక్కుతారు. మిగతావాళ్లు నడుం వంచి కింద రాలిన ఇత్తడి తొడుగులు ఏరుకుంటారు. ఒక్కోదాన్నీ వేళ్ల మధ్య తిప్పి చూస్తారు. మూతి నొక్కుకుపోయిందా? అడుగున సన్నటి పగులేమైనా ఉందా? బాగున్నవాటిని డబ్బాలో వేసుకుంటారు. తూటా పేలాక గుండు ఎగిరిపోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి తొడుగు మాత్రం మిగులుతుంది. తూటా భాగాల్లో ఖరీదైంది కూడా చాలావరకు అదే. దాన్ని ఇంటికి తెచ్చి శుభ్రం చేసి, ఆకారం సరిచేసి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు పోసి, గుండు బిగిస్తే మళ్లీ కాల్చడానికి తయారు. దీన్నే రీలోడింగ్ అంటారు. అమెరికాలో చెక్కపని, చేపలవేట ఎలాంటివో ఇదీ అలాంటి ఆదివారపు వ్యాపకమే.

మన ఊళ్లలో నాటు తుపాకీకి మందు దట్టించడం చూసినవాళ్లు పాత తరంలో ఇంకా ఉన్నారు. గొట్టం మూతిలోంచి కొలిచి మందు పోయాలి, గుడ్డ కుక్కాలి, రవ్వలు వేయాలి, కడ్డీతో దిమ్మిసా వేయాలి. ఎంత మందు పోయాలన్నది కాల్చేవాడి చేతిలో ఉండేది. ఫ్యాక్టరీ తూటా వచ్చాక ఆ కొలత కంపెనీ చేతిలోకి పోయింది. రీలోడింగ్ చేసేవాళ్లు దాన్ని మళ్లీ తమ చేతిలోకి తీసుకుంటున్నారు. అందుకే ఈ వ్యాపకం గురించి అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట: ఇది చేతిపని కన్నా చూపుపని. పనిముట్లు కొద్దిరోజుల్లో పట్టుబడతాయి. చూసే అలవాటు, రాసుకునే అలవాటు లేనివాళ్లు మాత్రం దీని జోలికి రాకపోవడమే మంచిది.

రంధ్రం ఒకటా, రెండా?

తొడుగు అడుగున, సరిగ్గా నడిమధ్యలో, బొట్టుబిళ్లంత గుండ్రటి లోహపు మూత కనిపిస్తుంది. అదే ప్రైమర్. తుపాకీలోని సూది దాన్ని కొట్టగానే లోపలి రసాయనం భగ్గుమంటుంది. ఆ నిప్పు రంధ్రంలోంచి తొడుగులోకి దూకి మందును అంటిస్తుంది. 1860ల్లో ఈ ఏర్పాటుకు రెండు నమూనాలు వచ్చాయి. అమెరికా సైనికాధికారి హైరమ్ బెర్డాన్ నమూనాలో తొడుగు అడుగునే చిన్న దిమ్మె ఉంటుంది, దాని పక్కన సాధారణంగా రెండు సన్న రంధ్రాలుంటాయి. బ్రిటిష్ అధికారి ఎడ్వర్డ్ బాక్సర్ ఆ దిమ్మెను ప్రైమర్‌లోనే పెట్టేశాడు. తొడుగుకు నడిమధ్యన ఒకే రంధ్రం మిగిలింది. విచిత్రం ఏమిటంటే అమెరికావాడి నమూనా యూరప్‌లో పాతుకుపోయింది, బ్రిటన్‌వాడిది అమెరికాలో స్థిరపడింది.

అమెరికాలో ఇంట్లో తూటా తయారుచేసుకోవాలనుకునేవాళ్లకు బాక్సర్ నమూనా పెద్ద వరమైంది. రంధ్రం మధ్యలో ఒకటే ఉంటే పైనుంచి సన్నటి ఉక్కు సూది దింపి కాలిపోయిన ప్రైమర్‌ను ఒక్క నొక్కుతో కిందికి నెట్టేయొచ్చు. పక్కన రెండున్న తొడుగులో ఆ సూది దిమ్మెకు తగిలి విరుగుతుంది. కాబట్టి ఏరుకున్న డబ్బా ముందేసుకుని మొదట చేసే పని, ఒక్కో తొడుగులోకీ తొంగిచూసి రంధ్రాలు లెక్కపెట్టడం.

పాయింట్ 22 తూటాకు ఈ వేషాలేవీ లేవు. మండే రసాయనం దాని అడుగు అంచు మడతలోనే ఉంటుంది. సూది ఆ అంచునే నలగ్గొడుతుంది కనుక ఒకసారి పేలితే ఇక పనికిరాదు. మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్టల్ విభాగంలో వాడేది ఈ తూటాయే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిన ఎయిర్ రైఫిల్‌లోనైతే మందే ఉండదు. గాలి ఒత్తిడికి సీసపు పెల్లెట్ దూసుకుపోతుంది. మనకు బాగా తెలిసిన షూటింగ్ క్రీడలు ఈ రీలోడింగ్ బల్ల దాకా రాకపోవడానికి చట్టంతో పాటు ఇదీ ఒక కారణం.

దున్నల మైదానం నుంచి

1870ల్లో అమెరికా మధ్య మైదానాల్లో అడవి దున్నలను వేటాడినవాళ్లకు పట్టణం రోజుల ప్రయాణం. తూటాలు ఖరీదు. అందుకే సీసం, మందు, ప్రైమర్లు బళ్లలో వేసుకుపోయి డేరాల దగ్గరే ఖాళీ తొడుగులు నింపుకునేవారు. ఆ వేట బైసన్ జాతినే దాదాపు తుడిచిపెట్టింది. ఈ వ్యాపకం చరిత్ర చెప్పేటప్పుడు ఆ మచ్చను దాటేయకూడదని నా అభిప్రాయం. 1884లో కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో జాన్ బార్లో అనే ఆయన ఐడియల్ అనే కంపెనీ పెట్టి పటకారు ఆకారంలో ఉండే రీలోడింగ్ పనిముట్లు అమ్మాడు, వాటితోపాటు చిన్న కరదీపికలూ అచ్చువేశాడు. 1925లో లైమన్ కంపెనీ దాన్ని కొనేసింది. లైమన్ పుస్తకం ఈనాటికీ కొత్త కొత్త కూర్పులతో వస్తూనే ఉంది.

అసలు ఊపు రెండో ప్రపంచయుద్ధంతో వచ్చింది. యుద్ధకాలంలో వేటగాళ్లకు గుళ్లు దొరక్క కటకటలాడుతుంటే, కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో ఒక ఉపాయం పన్నాడు. పనికిరాదని పారేసే ఆ పాయింట్ 22 తొడుగులనే పైతొడుగుగా వాడి, లోపల సీసం పెట్టి, అచ్చులో నొక్కి గుళ్లు చేసే సాధనం తయారుచేశాడు. రాక్‌చక్ అనే ఉడుత జాతి జంతువును వేటాడటానికి వాడే గుళ్లవి. ఆయన కంపెనీకి ఆర్‌సీబీఎస్ అన్న పేరు ఆ రాక్‌చక్ గుండు అచ్చులోంచి వచ్చిందే. ఈ వ్యాపకంలో ఉన్నవాళ్ల బల్ల మీద ఆ కంపెనీ ఆకుపచ్చ ప్రెస్, అంటే పిడి లాగి తొడుగును అచ్చులో నొక్కే యంత్రం, ఇప్పటికీ కనిపిస్తుంది. యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర మిగిలిపోయిన మందును కాన్సస్‌కు చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ టోకున కొని, వ్యాపకందారులకు చవకగా అమ్మాడు. 1958లో విస్కాన్సిన్‌కు చెందిన రిచర్డ్ లీ, సుత్తితో కొట్టి పని కానిచ్చుకునే చిన్న పెట్టెను బజారులోకి తెచ్చాడు. దాంతో ప్రెస్ కొనలేనివాళ్లు కూడా వంటింటి బల్ల మీద మొదలుపెట్టారు.

తులం బరువు

ఈ బల్ల మీద గ్రాములు నడవవు. అన్నీ గ్రెయిన్లే. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు, అంటే ఒక్కోటి సుమారు 65 మిల్లీగ్రాములు. మన పాత తులం, అంటే 11.66 గ్రాములు, సరిగ్గా 180 గ్రెయిన్లు. బ్రిటిష్ వాళ్లు దాన్ని అలాగే ఖరారు చేశారు. థర్టీ ఆట్ సిక్స్ రైఫిల్‌తో పెద్ద జింకల వేటకు వెళ్లే అమెరికన్ తరచూ ఎంచుకునే గుండు బరువు కూడా 180 గ్రెయిన్లే. అంటే పుస్తెలతాడు తూచిన పాత తులం బరువే. మందు తూచే త్రాసైతే గ్రెయిన్‌లో పదోవంతు తేడాను కూడా చూపించాలి. కంసాలి దగ్గర ఆ తేడా వస్తే రూపాయల నష్టం. ఇక్కడ గరిష్ఠ పరిమితికి దగ్గర్లో ఉన్నప్పుడు కాస్త ఎక్కువ పడినా లెక్క మారిపోతుంది.

లెక్క ఎందుకంత కఠినమో ఒత్తిడి అంకెలు చూస్తే తెలుస్తుంది. కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 32 పౌన్ల అటూ ఇటూ ఉంటుంది. తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్ తూటాకు సామీ అనే అమెరికన్ ప్రమాణాల సంస్థ విధించిన గరిష్ఠ ఒత్తిడి 35,000 పౌన్లు. థర్టీ ఆట్ సిక్స్‌కు 60,000. అది కాల్చేవాడి చెంపకు జానెడు దూరంలో జరుగుతుంది. పైగా మందుల్లో పదుల రకాలున్నాయి. కొన్ని వేగంగా కాలతాయి, కొన్ని నెమ్మదిగా. బూడిదరంగు పలుకులు, పూసలు, సన్న పుల్లలు... కంటికి చాలావరకు ఒకేలా ఉంటాయి. నెమ్మదిగా కాలాల్సిన చోట వేగంగా కాలేది పోస్తే తుపాకీ చేతిలోనే బద్దలవుతుంది. అందుకే బల్ల మీద ఎప్పుడూ ఒక్క మందు డబ్బాయే ఉండాలి. పని అయ్యాక మిగిలినదాన్ని అదే డబ్బాలో పోసి, మూతపెట్టి, అలమారలో పెట్టాకే రెండోది తీయాలి.

ఎంత పోయాలన్నది పుస్తకం చెప్పాలి. మందు కంపెనీలు, గుళ్ల కంపెనీలు పరీక్ష గొట్టాల్లో ఒత్తిడి కొలిచి, ఏ గుండుకు ఏ మందు ఎంతతో మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో అచ్చువేస్తాయి. కిందినుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుతూ, కాల్చిన ప్రతి తొడుగునూ పరీక్షించుకుంటూ పోవాలి. పుస్తకంలో లేని లెక్క ఎంత అనుభవజ్ఞుడు చెప్పినా పక్కన పెట్టాల్సిందే.

యాభై గుంటల చెక్క

నేను చూసిన ఒక గ్యారేజీలో బల్ల మీద ప్రెస్, త్రాసు, పుస్తకం, నోటుబుక్కు, యాభై గుంటలున్న చెక్క తప్ప ఇంకేమీ లేదు. ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. టీవీ లేదు, పాట లేదు. కూర్చున్నాయన ముందు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. శుభ్రం చేసి, జారుడు కోసం లూబ్ రాసిన తొడుగును ప్రెస్‌లో నిలబెట్టి పిడి కిందికి లాగాడు. ఉక్కు అచ్చు (డై) లోపలికి వెళ్లిన తొడుగు, పేలుడుకు ఉబ్బిన ఒళ్లు తగ్గించుకుని అసలు కొలతకు వచ్చింది. అదే నొక్కులో కాలిన ప్రైమర్ టక్కున కిందపడింది. లూబ్ రాయడం మరిస్తే తొడుగు డైలోనే ఇరుక్కుంటుంది. కొత్తవాళ్లలో చాలామందికి తగిలే మొదటి ఎదురుదెబ్బ అదే. తర్వాత పొడవు కొలవడం, పెరిగితే మూతి కోసి నునుపు చేయడం, కొత్త ప్రైమర్‌ను అంచుకు కాస్త లోపలికి దిగేదాకా కూర్చోబెట్టడం.

యాభై తొడుగుల్లోనూ మందు పోయడం అయ్యాక ఆయన గుళ్ల జోలికి పోలేదు. లేచి నిలబడి, చిన్న టార్చి వేసి, చెక్కను వరసవారీగా చూశాడు. అన్నిట్లోనూ మందు మట్టం ఒకే ఎత్తున కనిపించాలి. ఒకదాంట్లో చీకటి ఎక్కువగా ఉందంటే అందులో మందు పడలేదు. అలాంటి తూటా పేలితే ప్రైమర్ బలానికే గుండు కదిలి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. శబ్దం కూడా చప్పగా వస్తుంది. అది గమనించకుండా రెండోది కాల్చారా, గొట్టం చీలుతుంది. ఒకదాంట్లో మట్టం పైకి ఉందంటే రెండుసార్లు పోసినట్టు. పిస్టల్ తొడుగుల్లో కొన్ని మందులు రెండు కొలతలు పోసినా పొర్లవు, అందుకే ఆ ప్రమాదం అక్కడ మరీ ఎక్కువ. వరస మధ్యలో ఒకచోట ఆయనకు అనుమానం వచ్చింది. ఆ ఒక్కదాన్నే తీసి త్రాసులో పోసి తూచాడు. సరిగ్గానే ఉంది. అయినా ఆ వరసంతా మళ్లీ మొదటినుంచి చూశాడు. ఈ వ్యాపకం మీద నాకు గౌరవం కలిగించింది ఆ రెండోసారి చూపే.

చివర్లో గుండు కూర్చోబెట్టి, పొడవు కొలిచి, డబ్బా మీద చీటీ అంటించాడు. తేదీ, మందు పేరు, ఎన్ని గ్రెయిన్లు, గుండు బరువు, ప్రైమర్ రకం, ఆ తొడుగు ఎన్నోసారి నింపుతున్నది, అన్నీ అందులో ఉన్నాయి. చీటీ లేని తూటాను ఆయన కాల్చడు. ఇంకొకరు నింపినదీ కాల్చడు. సీసం తగిలిన చేతులు చన్నీళ్లతో, సబ్బుతో కడుక్కున్నాకే వంటింట్లోకి వెళ్లాడు.

డబ్బు మిగులుతుందా?

కొత్తవాళ్లందరూ అడిగే ప్రశ్న ఇది. ఒక్కో తూటా లెక్క తీస్తే చాలా రకాల్లో మిగులుతుంది. పెద్ద రైఫిల్ తూటాలకు బాగానే, మామూలు తొమ్మిది మిల్లీమీటర్లకు అంతంతమాత్రంగా. కానీ నెలాఖరు లెక్క తీస్తే మిగలదు. చవకగా పడుతుంది కదా అని ఎక్కువ కాలుస్తారు. 2020 తర్వాత ప్రైమర్లే దొరకక, దొరికినచోట ధరలు ఎన్నో రెట్లు పెరిగినప్పుడు, పొదుపు కోసమే మొదలుపెట్టినవాళ్లలో చాలామంది బల్ల మూసేశారు. వేరే కారణాలున్నవాళ్లు నిలబడ్డారు. తాతగారి రైఫిల్‌కు సరిపోయే తూటాలు చేయడం కంపెనీలు మానేయడంతో చిక్కుకున్నవాళ్లు వారిలో కొందరు. రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాలుస్తూ, గురి కోసం ప్రాణం పెట్టే బెంచ్‌రెస్ట్ పోటీదారులు ఇంకొందరు. వాళ్లైతే ప్రెస్‌ను పోటీ మైదానానికే తీసుకెళ్లి, రౌండ్‌కూ రౌండ్‌కూ మధ్య అవే కొద్దిపాటి తొడుగులను మళ్లీ మళ్లీ నింపుకుంటారు. వంద గజాల దూరంలో ఐదు గుళ్లూ ఒకే రంధ్రంలోంచి పోవాలన్నది వాళ్ల పంతం.

మొదలుపెట్టేవాళ్లు ముందు పుస్తకం కొనాలి, ఒకటి కాదు రెండు. ప్రెస్ తర్వాత. ఒక నొక్కుకు ఒక పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్‌తోనే నేర్చుకోవాలి. గంటకు వందలు తీసే ప్రోగ్రెసివ్ ప్రెస్ మీద మనసు పడుతుంది గానీ, ఒకేసారి నాలుగైదు పనులు జరిగే చోట కొత్తకన్ను తప్పు పట్టలేదు. తమ రేంజ్‌లో ఏళ్లతరబడి నింపుతున్నవాళ్ల పక్కన కూర్చుని చూడాలి. మందు, ప్రైమర్లు కొన్న డబ్బాల్లోనే, పిల్లలకు అందకుండా, వేడికి దూరంగా తాళం వేసి ఉంచాలి.

చట్టం సంగతి. అమెరికాలో తుపాకీ ఉంచుకోవడానికి అర్హత ఉన్న మనిషి తన సొంతానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మడానికైతే కావాలి. రాష్ట్రాల నిబంధనలు వేరుగా చూసుకోవాలి. మన తెలుగువాళ్లు ఎక్కువగా పొరపడేది ఇంకోచోట. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్స్ లాంటి మినహాయింపుల కిందికి వస్తే తప్ప, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. స్నేహితుడి గ్యారేజీలో సరదాగా పిడి లాగే ముందు ఈ సంగతి లాయర్‌ను అడగాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు.

ఇక ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా తయారుచేయడం నేరం. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష ఏడేళ్ల జైలు. బ్యాగులో తూటా దొరికి శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుడిపై కేసు అన్న వార్త అప్పుడప్పుడూ పేపర్లో చూస్తూనే ఉంటాం. అలాంటివాళ్లలో కొందరు రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగునే ఊరి ప్రయాణానికీ వాడామని చెబుతారు. ఏరుకున్న తొడుగులు జేబులో వేసుకునే అలవాటున్నవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా దగ్గర. రేంజ్ బ్యాగు వేరు, రేంజ్ జాకెట్టు వేరు పెట్టుకోండి. ఇండియా టికెట్ కొన్నరోజునే సూట్‌కేసు అరలన్నీ ఒకసారి తిరగేసి దులపండి.